దీపం మంచిదే, నువ్వెట్లున్నవ్?

ఆ పొద్దున ఆయన ఫోన్ ఎత్తలేదు. ఇంకా పడుకుని ఉంటాడులే అనుకుని సంచీ పట్టుకుని మార్కెట్‌కు వచ్చాను. వంకాయలు ఏరుతుండగా మల్లేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, దీపాల కాక పోయిండు. మందమర్రిల, బిడ్డ ఇంట్ల. నిద్రలనే పోయిండట."

నేనేం మాట్లాడానో గుర్తు లేదు. "ఏంది సారూ గట్ల జూస్తవ్, పుచ్చు లేదు, మంచియే" అని కూరగాయలామె అంటే గాని తెలియలేదు, చేతిలో ఉన్న వంకాయను ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయానని. అది నా అలవాటు కాదు, ఆయనది. వంకాయ కానీ, చాయ్ గ్లాసు కానీ, మనవరాలి చెవికమ్మ కానీ, చేతికొచ్చిందల్లా ముందు వెలుతురుకు పట్టి చూసేవాడు. మనిషి ముఖాన్ని కూడా అలాగే చూసేవాడు.

ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది. మేమెవరమూ వాడలేదు. గోదావరిఖనిలో గనిని బాయి అంటాం. మా బాయి పైన ల్యాంప్ రూంలో ఆయన డ్యూటీ, అందుకని దీపాల కాక. షిఫ్టుకు దిగే ప్రతివాడూ ఆ కిటికీ దగ్గర తన నంబరున్న బిళ్ల ఇచ్చి, హెల్మెట్‌కు తగిలించే దీపమూ నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. గోడకు బిళ్ల వేలాడుతోందంటే మనిషి కింద ఉన్నట్టు, దీపం వేలాడుతోందంటే పైకొచ్చినట్టు. ఇచ్చుడు, తీసుకునుడు, అంతే ఆ పని. ఆయన మాత్రం దాన్ని అంతటితో వదిలిపెట్టలేదు.

ప్రతి దీపాన్నీ ముందు తన ఎడమ అరచేతిలో వెలిగించేవాడు. ఆ అరచేతి నుంచి లేచిన వెలుగు కిటికీ ఇవతల నిలబడ్డవాడి ముఖం మీద పడేది. దీపాన్ని చూస్తున్నాడనే మేమంతా అనుకునేవాళ్లం. ఆయన చూసేది ముఖాన్ని.

"దీపం మంచిదే. నువ్వెట్లున్నవ్?"

ప్రతి ఒక్కరినీ, ప్రతి షిఫ్టులో, అదే మాట. "ఆఁ" అని దీపం లాక్కుంటే ఇచ్చేవాడు కాదు. మాట పూర్తిగా చెప్పాలి. "మంచిగున్న కాకా" అనాలి.

"ఏం మంచి కాకా, పొద్దుగాల్నే పెండ్లాం తిట్టింది" అని ఎవరైనా అంటే, "ఉత్తగ తిట్టిందా, కారణం ఉన్నదా?" అని విచారణ మొదలుపెట్టేవాడు. వెనకాల లైన్‌లో వాళ్లు అరిచేవాళ్లు. "ఓ కాకా, ఇక్కడ పంచాయితి పెడితే బాయి ఎప్పుడు దిగాలె?"

"బాయి యాడికి పోదు కొడుకా. కింద రాత్రంత ఒక్కతే ఉన్నది, ఇంకింత సేపు ఉంటది."

ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. ఎవడి దీపం వాడే తెచ్చి ఇవ్వాలి. అన్న దీపం తమ్ముడు తెచ్చినా తీసుకునేవాడు కాదు. బస్సు వెళ్లిపోతోందని మొత్తుకున్నా అంతే. "దీపానికి కాళ్లు లేవుర. అది ఒక్కతే ఎట్ల పైకొచ్చింది? మనిషేడి?" మనిషి కిటికీ ముందుకొచ్చి ముఖం చూపిస్తేనే బిళ్ల ఇచ్చేవాడు. ఈ పట్టుదలకు ఆయన్ని తిట్టనివాడు మా బాయిలో లేడు. నేనూ తిట్టాను.

ఆయనకు సినిమాలంటే ప్రాణం. సెకండ్ షిఫ్టు ఉన్న వారమంతా పొద్దుటి ఆటకు పోయేవాడు. డ్యూటీకి టైం అవుతుందని ఆఖరు చూడకుండానే లేచి వచ్చేవాడు. అలా జీవితంలో వందలాది సినిమాల చివర ఏమైందో ఆయనకు తెలియదు. దీపం ఇస్తూ అడిగేవాడు, "ఆ పిల్లగాడు దొరికిండా తల్లికి?" అని. చెప్పేవాడు దొరక్కపోతే తనే ఒక ముగింపు కల్పించుకునేవాడు. అందులో విలన్‌కు కూడా మా కంపెనీలోనే ఏదో ఒక కొలువు దొరికి, బుద్ధిమంతుడైపోయేవాడు.

నా సంగతికొస్తాను.

మా నాన్నకు ఊపిరితిత్తులు చెడి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన కొలువు నాకొచ్చింది. మొదట బదిలీ వర్కర్‌గానే తీసుకుంటారు. హాజరు పడితే మస్టర్ పడ్డదంటాం. సరిపడా మస్టర్లు పడితేనే పర్మినెంట్. ఒక్క మస్టర్ పోయినా ఇంట్లో అమ్మ ముఖం చిన్నబోయేది. జ్వరమొచ్చినా, కాలు బెణికినా దాచుకుని దిగడం మా దగ్గర కొత్త కాదు. నేను వాటికంటే పెద్దదాన్ని దాచాను.

కాలేజీ రోజుల నుంచీ గంజాయి తాగేవాణ్ని. సెలవు రోజుల్లో గోదావరి ఇసుకలో కూర్చుని దోస్తులతో మొదలుపెట్టింది, తర్వాత ఎవరూ లేకుండా ఒక్కణ్నీ తాగడం దాకా వచ్చింది. ఎవరూ నాకు బలవంతాన పట్టించలేదు. చాయ్ హోటల్ దగ్గర దీని మీద ఎప్పుడూ ఒక వాదన నడిచేది. గంజాయి తాగితే పిచ్చి లేస్తుందని ఒకరు. సాధువులు పొద్దుమాపు తాగుతారు, వాళ్లకేమైందని ఇంకొకరు. అసలు అది ముందే రక్తంలో ఉండాలని మరొకరు. నేను ఎప్పుడూ సాధువుల పక్షం. దానికి నాకు దీపాల కాకే సాక్షి. వాళ్ల నాన్న ప్రతి శివరాత్రికీ గోదావరి ఒడ్డున సాధువులతో చిలుం పీల్చేవాడని, నిండు ఆయుష్షు బతికి, చనిపోయే వారం ముందు కూడా నాగలి పట్టాడని ఆయనే ఒకసారి చెప్పాడు. ఆ ముక్క పట్టుకున్నాను. మా చిన్నమ్మ ఎన్నడూ బీడీ ముట్టకుండానే గోడలతో మాట్లాడుతూ బతికిందన్న ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం నాకు నిద్ర తగ్గింది. తోటివాళ్లు నన్ను చూసి కళ్లతో సైగలు చేసుకుంటున్నారనిపించేది. తర్వాత నడుముకు కట్టుకున్న బ్యాటరీలోంచి ఎవరో నా పేరు పిలవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున ఫస్ట్ షిఫ్టుకు వచ్చి, బిళ్ల ఇచ్చి, కిటికీలోకి వంగి మెల్లగా అడిగాను.

"కాకా, నాకు గీ దీపం వద్దు. మాట్లాడని దీపం ఉంటే ఇయ్యి."

నా వెనక మల్లేష్ ఉన్నాడు. వాడప్పటికి కొత్తగా చేరాడు. ఫక్కున నవ్వాడు. కాక నవ్వలేదు. అరచేతిలో దీపం అలాగే పట్టుకుని అడిగాడు.

"ఏమంటాంది?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. 'ఏమైందిరా నీకు' అనే అడిగారు అందరూ. నేను చెప్పాను. కింద నన్ను వదిలేసి వస్తారంటోంది అన్నాను. ఆయన ఆ దీపాన్ని తీసుకెళ్లి మళ్లీ గోడకు తగిలించాడు.

"ఇయ్యాల నీకు దీపం లేదు బిడ్డా."

"మస్టర్ పోతది కాకా!"

"పోనియ్యి."

నన్ను బాయిలోంచి వెళ్లగొట్టే కుట్రలో ఈయనా ఉన్నాడని ఆ క్షణంలో నాకు తేలిపోయింది. కిటికీ చెక్క మీదున్న బిళ్ల తీసి ఆయన ముఖం మీదికి విసిరికొట్టాను. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. మావాళ్లు నన్ను పట్టుకున్నారు. చేయి పెట్టి అదుముకుంటూ ఆయన అన్న మాట మాత్రం వినబడింది. "ఎవ్వరేమనకుండ్రి. దీపాల గూడు తాకింది నాకు." ఆ గాటు ఆయన కనుబొమ్మ మీద చివరిదాకా ఉంది. ఎవరడిగినా దీపాల గూడు తాకిందనే చెప్పాడు.

కంపెనీ దవాఖానకు పోదామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. కంపెనీ కాయిదంల పిచ్చి అని పడితే పోరని నౌకరి పోతది." అందుకని కరీంనగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి బస్సులో తీసుకెళ్లారు. బాయిలో మాత్రం కామెర్లని చెప్పాం. కొలువు కోసం రోగాన్ని దాచడం మా కాలనీల్లో అందరూ చేసే తప్పే. అందరూ చేసేదే అయినా, మా వంతు తప్పు మేమే చేశాం.

డాక్టర్ నన్ను చూసి, అమ్మతో మాట్లాడి మందులు రాశాడు. కాక లేవలేదు.

"సారూ, ఒక్క ముచ్చట. గంజాయితోని వచ్చిందా ఇది? లేకుంటే రక్తంలనే ఉన్నదా?"

డాక్టర్ కలం పక్కన పెట్టాడు. "ఈ వాదన మాలో కూడా తెగలేదు పెద్దాయనా. చిన్న వయసులో, ఎక్కువగా తాగినవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తోంది. కాని తాగిన అందరికీ రాదు, తాగనివాళ్లకూ వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇతనికి మాత్రం ఫలానా దానివల్లే వచ్చిందని నేను వేలుపెట్టి చూపించలేను. గంజాయి మళ్లీ ముట్టకూడదు. మందులు నేను చెప్పేదాకా ఆపకూడదు. ఇవి రెండూ మాత్రం గట్టిగా చెప్తాను."

రెండు మాటలు చెప్పాడు. మేం మా ఇష్టం వచ్చిన ఒక్కటే విన్నాం.

గంజాయి మానేశాను. నిజంగానే మానేశాను, ఆ గొప్ప నాకుంది. మందులతో బ్యాటరీలోని మాటలు తగ్గాయి, నిద్ర వచ్చింది. డాక్టర్ సరేనన్నాక మళ్లీ డ్యూటీకి వచ్చాను. దీపం ఇస్తూ కాక సంబరపడ్డాడు. "సూసినవా, గంజాయి పోయింది, దాని ఎంబడి పిచ్చి పోయింది. ఇగ నీకేం ఫికర్ లేదు." ఆయన ఆశతో అన్న మాట అది. నేను దాన్ని డాక్టర్ రాసిచ్చిన చీటీలా వాడుకున్నాను. గంజాయి వల్ల వచ్చిన జబ్బు గంజాయితో పాటే పోయింది, ఇంకా ఈ గోలీలెందుకు, ఒళ్లు బరువు, నోరెండడం తప్ప? అమ్మకు తెలియకుండా గోలీలు మోరీలో పారేశాను.

ఒకే ప్రశ్నకున్న రెండు జవాబులనూ నేను నా తప్పులకే వాడుకున్నాను. తాగే రోజుల్లో 'సాధువులకేమైంది' అన్నాను. మింగాల్సిన రోజుల్లో 'గంజాయి వల్లే కదా' అన్నాను. అటు తిప్పినా ఇటు తిప్పినా నాకు కావలసింది నేను ఏమీ మార్చుకోకుండా ఉండడమే.

వానాకాలం మొదట్లో అది మళ్లీ వచ్చింది. గంజాయి ముక్క కూడా ముట్టలేదు, అయినా వచ్చింది. ఈసారి నేను తెలివి మీరాను. కిటికీ దగ్గర బాగా నవ్వేవాణ్ని. "దీపం మంచిదే, నువ్వెట్లున్నవ్?" అంటే, "మస్తుగున్న కాకా" అనేవాణ్ని. ఆయన నా ముఖాన్ని రోజూ కంటే ఎక్కువసేపు చూడడం గమనించాను కూడా.

ఆ రోజు ఫస్ట్ షిఫ్టు అయిపోయి అందరూ పైకి ఎక్కే చోటికి వచ్చారు. అక్కడ కరెంటు లైట్లుంటాయి. నేను దీపం, బ్యాటరీ విప్పి మల్లేష్ చేతిలో పెట్టాను. "కిటికీల ఇయ్యి తమ్మీ, నీళ్లు తాగి నీ ఎనుకనే వస్త." దీపం నన్ను పట్టిస్తోందని, అది లేకపోతే ఎవరికీ కనబడనని నా లెక్క. మల్లేష్ బస్సు తొందరలో ఉన్నాడు, పట్టుకుపోయాడు. నేను వెనక్కి తిరిగి చీకట్లోకి నడిచాను.

తర్వాత జరిగింది మల్లేష్ చెప్పగా విన్నాను. కిటికీలో రెండు దీపాలు పెట్టాడట.

"ఇదెవనిది?"

"అన్నది కాకా. ఎనుకనే వస్తాండు."

"ఎనుకనే అంటే యాడ?"

"నీళ్లు తాగుతాండు."

"దీపం లేకుంట నీళ్లు తాగుతాండా? దీపానికి కాళ్లు లేవుర. మనిషేడి?"

ఇంకో ల్యాంప్ రూంలో ఎవరైనా ఆ దీపాన్ని గోడకు తగిలించేవారు. గోడకు దీపం ఉందంటే మనిషి పైకొచ్చినట్టే. నన్నెవరూ వెతికేవారు కాదు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. లైన్ ఆపేశాడు. కిందికి ఫోన్ చేశాడు. బస్సు పోతోందని తిట్టేవాళ్లు తిడుతుండగా, ఎన్నడూ డ్యూటీలో కిటికీ విడవని మనిషి బయటికొచ్చి బాయి నోటి దగ్గర నిలబడ్డాడట.

షిఫ్టు పనులు చూసే సర్దార్, ఇంకో నలుగురు వెళ్లి నన్ను పట్టుకున్నారు. పని ఆపేసిన పాత దారిలో, ఒక బొగ్గు దిమ్మెకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఆ దారిలో పైకప్పు ఎప్పుడు రాలుతుందో చెప్పలేం. నన్ను తేవడానికి వచ్చిన అయిదుగురి ప్రాణాలూ ఆ రోజు నా వల్ల ఆ కప్పు కిందికి వెళ్లాయి. దాన్ని నేను మర్చిపోకూడదు.

పైకొచ్చేసరికి వాన పడుతోంది. అందరూ చుట్టూ చేరి తలో మాటా అంటున్నారు. కాక వాళ్లను తోసుకుని వచ్చాడు. ఆయన చేతిలో నా దీపం. పట్టపగలు, వానలో, దాన్ని అరచేతిలో వెలిగించాడు.

"దీపం మంచిదే. నువ్వెట్లున్నవ్?"

అన్నాళ్లలో మొదటిసారి నిజం చెప్పాను.

"మంచిగ లేను కాకా."

"గంతే గద," అన్నాడు. "నడువు. ఈసారి దాసిపెట్టుడు లేదు."

దాయలేదు. కంపెనీ డాక్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పాం. అమ్మ భయపడినట్టు కొలువు పోలేదు. కిందికి దిగకుండా పైన పనికి మార్చారు. దవాఖానలో ఉండగా ఆయన ఒక మధ్యాహ్నం అటుకులు, ఉల్లిగడ్డ కలిపి డబ్బాలో తెచ్చాడు. మూతలో నాకింత పోసి, తనూ తిన్నాడు. తర్వాత అన్నాడు.

"నేను తప్పు జేసిన బిడ్డా. గంజాయి పోయింది పిచ్చి పోయిందని నేనే అంటి. నాకేం ఎరుక? నేను డాక్టర్‌నా? దీపాలోన్ని. నాకు తెల్వని ముచ్చట తెలిసినట్టు జెప్పిన."

తప్పంతా నాది. ఆయన మాటను అడ్డం పెట్టుకుని మందులు పారేసింది నేను. ఆ సంగతి చెప్పబోతే వినిపించుకోలేదు. అటుకుల డబ్బా వెలుతురుకు పట్టి, అడుగున ఇంకేమైనా మిగిలిందా అని చూస్తున్నాడు. ఆయన కంటే పెద్ద చదువులు, పెద్ద కుర్చీలు ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. 'నాకు తెల్వని ముచ్చట జెప్పిన' అని ఒక కుర్రవాడి మంచం దగ్గరికి వచ్చి చెప్పినవాణ్ని మాత్రం ఆయన్నొక్కణ్నే చూశాను.

నేను డ్యూటీకి తిరిగి వచ్చాక ఆయన కొత్త చట్టం పెట్టాడు. ఫస్ట్ షిఫ్టులో రోజూ ముందు ఆ కిటికీ దగ్గరికి రావాలి. ఆయన చూస్తుండగా గోలీ మింగాలి. "ఆఁ అను" అనాలి, నోరు తెరవాలి. మొదట్లో నేను గోలీని నాలుక కింద దాచాను. "ఆఁ" అన్నాను. ఆయన చూశాడు. "నాలిక లేపు" అన్నాడు. లేపాను. తిట్టలేదు, కొట్టలేదు. నీళ్ల సీసా మళ్లీ నా ముందుకు జరిపాడు. ఆ సీసా జరిపిన తీరు నన్ను ఇప్పటికీ తల దించుకునేలా చేస్తుంది.

దీపం అక్కర్లేనివాడు రోజూ దీపాల లైన్‌లో ఎందుకు నోరు తెరుస్తున్నాడని నలుగురూ అడగడం మొదలుపెట్టారు. మర్నాటి నుంచి కాక అందరి నోళ్లూ చూడడం మొదలుపెట్టాడు.

"తాగి బాయి దిగుతాండ్రు. ఇయ్యాల్టి సంది నోరు జూపెడితేనే దీపం."

లైన్ అంతా గొల్లుమంది. "నువ్వేమన్న పండ్ల డాక్టర్‌వా కాకా?" అని ఒకడు. "సూడు కాకా, అక్కల్దాడి పన్ను మొలిసిందా?" అని ఇంకొకడు మొత్తం తెరిచేవాడు. ఆయన ప్రతి నోటికీ ఒక మాట తగిలించేవాడు. "పొద్దుగాల్నే మిర్చి బజ్జీ దిన్నవా? పాపం నీ పెండ్లాం." "ఇది నోరా, బొగ్గుబాయా? పండ్లు తోము కొడుకా." నిజంగా తాగి వచ్చినవాళ్లు ఒకరిద్దరు దొరికారు కూడా, వెనక్కి పంపాడు. అలా లైన్ మొత్తం నోళ్లు తెరుస్తుంటే అందులో నా నోరు ఒకటి. ఒక్కణ్ని దాచడానికి అంతమందితో తిట్లు తిన్నాడు. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

రిటైరయ్యి మందమర్రిలో కూతురి ఇంటికి వెళ్లాక వీడియో కాల్ నేర్చుకున్నాడు. సరిగ్గా నేర్చుకోలేదు. రోజూ పొద్దున నాకు ఆయన చెవో, ఇంటి పైకప్పో కనబడేది. అందులోంచి మాట వచ్చేది: "ఆఁ అను." నాకు పెళ్లయింది, పాప పుట్టింది. పాపకు మాటలొచ్చాక అదీ వచ్చి ఫోన్ ముందు నోరు తెరిచేది. "నీయి పాల పండ్లు, నువ్వు పాస్" అనేవాడు.

ఆఖరి రోజుల్లో ఊపిరాడక మాట పడిపోయింది. కూతురు ఫోన్ పట్టుకుంటే మొదటిసారి ఆయన ముఖం మొత్తంగా, తిన్నగా కనబడింది. నేను గోలీ మింగి నోరు తెరిచాను. ఆయన తలూపలేదు. తన నోరు తెరిచి, వణుకుతున్న నాలుకను పైకి లేపి చూపించాడు. నాకర్థమై, నేనూ లేపాను. అప్పుడు తలూపాడు.

ఇంత చేసినవాడికి నేను ఒక మాట బాకీ పడ్డాను.

ఈమధ్య మా కాలనీల్లో గంజాయి వద్దని సభలు పెడుతున్నారు. కుర్రవాళ్లు పాడవుతున్నారని అందరికీ బెంగ. నన్ను స్టేజీ ఎక్కించి మాట్లాడమనేవాళ్లు. నేను చెప్పేవాణ్ని, "గంజాయి తాగాను, పిచ్చివాణ్నయ్యాను. మానేశాను, బాగుపడ్డాను." చప్పట్లు పడేవి. రోజూ మింగే గోలీ సంగతి చెప్పేవాణ్ని కాదు. ఒకప్పుడు పిచ్చి వచ్చి పోయిందంటే జనం మెచ్చుకుంటారు. ఇప్పటికీ మందు మింగుతున్నానంటే కొంచెం జరిగి కూర్చుంటారు. ఆ జరగడానికి భయపడ్డాను. ఒక సభ వీడియో తిరిగి తిరిగి కాక ఫోన్‌కు చేరింది.

"మంచిగ జెప్పినవ్," అన్నాడు పైకప్పు చూపిస్తూ. "కని నా లెక్కనే సినిమా సగంల లేసొచ్చినవ్. ఆఖరు గూడ జెప్పు బిడ్డా."

చెప్తానన్నాను. చెప్పలేదు.

దినాల నాడు పొద్దున్నే బయల్దేరి మందమర్రి పోయాం. గల్లీలో టెంటు, మా బాయివాళ్లు చాలామంది వచ్చారు. భోజనాల బంతిలో నా పక్కన మల్లేష్. మాటల్లో చెప్పాడు.

"అన్నా, మా తమ్ముడు గూడ నీ లెక్కనే బాగైతాండు. గంజాయి మొత్తం బంద్ జేసిండు. నీ వీడియో సూపిచ్చినం వానికి. ఇగ గోలీలెందుకని అయి గూడ బంద్ జేసినం."

నా చేయి విస్తరి మీద ఆగిపోయింది. "ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. జర నిద్ర పడ్తలేదు. టీవీ పెట్టనిస్తలేడు. టీవీల తన పేరు సదువుతాండ్రట." మల్లేష్ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

అవతల బంతిలో ఎవరో కాక గురించి చెప్తున్నారు. "ముసలోడు మా అందరి నోళ్లు సూసి సూసి పోయిండు. ఏం రోగముండెనో!" అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను.

"ఆ రోగం నాది," అన్నాను.

నవ్వు ఆగింది. పొద్దుటి గోలీ ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. ఆయన పోయినప్పటి నుంచి రోజూ ఎవరికి చూపించాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడి, ఆలస్యంగానే అయినా మింగుతున్నాను. దాన్ని తీసి, అందరూ చూస్తుండగా నీళ్లతో మింగాను. నోరు తెరిచాను. నాలుక లేపాను.

"ఇది సూసేటందుకు మీ అందరి నోళ్లు తెరిపిచ్చిండు కాక. నన్ను ఒక్కన్ని నిలబెట్టద్దని. నేను గంజాయి మానినందుకే బాగు గాలే. అది మానిన తర్వాత గూడ నాకు తిరిగి వచ్చింది. ఆ రోజు నా దీపం మల్లేష్ చేతిల పెట్టింది అందుకే. గిప్పటికి మింగుతున్న. స్టేజీ మీద నేను సగమే జెప్పిన."

 ఎవరైనా జరిగి కూర్చున్నారేమో నేను చూడలేదు. మల్లేష్ మెల్లగా అడిగాడు.

"అంటే... గంజాయితోని వచ్చింది గాదా అన్నా?"

"వచ్చిందేమో. తాగకపోతే రాకపోవునేమో. తాగకున్నా వచ్చునేమో. నాకు తెల్వది మల్లేష్. గంజాయి మాత్రం మళ్ల ముట్టనియ్యకు, అది పక్కా. గోలీలు బంద్ అన్నది నేను నోటితోని అనలేదు గని, నా మాటతోనే బంద్ జేసిండ్రు. తెల్వని ముచ్చట తెలిసినట్టు జెప్పిన. నడువు, జల్ది."

చేతులు కడుక్కుని, మల్లేష్ బండి మీదే గోదావరిఖని వచ్చాం. దారిలో ఆపి వాడు తమ్ముడి డాక్టర్‌కు ఫోన్ చేశాడు, వెంటనే తీసుకురమ్మన్నారు. ఇంటికి చేరేసరికి వాళ్లమ్మ గడప మీద కూర్చుని ఉంది. లోపల గదిలో టీవీ వైరు పీకేసి ఉంది. తమ్ముడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఏమైందిర నీకు, అన్న వచ్చిండు లే" అని మల్లేష్ భుజం పట్టబోతే చేయి విదిలించాడు.

కిటికీ తలుపు కొంచెం తెరిచాను. వెలుతురు వాడి ముఖం మీద పడింది. ఎదురుగా కింద కూర్చుని, టీవీ వైపు చూపించి అడిగాను.

"ఏమంటాంది తమ్మీ?"

వాడు గోడ మీది నుంచి చూపు తిప్పి నా వైపు చూశాడు.